బడి గంట కొట్టేవారి కోసం: బోధనేతర సిబ్బందికి శిక్షణ, సంఘం



బడి అనగానే మనకు పంతులుగారు గుర్తుకు వస్తారు, పలక గుర్తుకు వస్తుంది. పొద్దున్నే తాళం తీసిన మనిషి మాత్రం గుర్తుకు రాడు. పంతులుగారి కంటే ముందే వచ్చి గేటు తెరిచేవారు, గదులు ఊడ్చేవారు, తాగే నీళ్లు నింపేవారు, గంట కొట్టేవారు, పిల్లల పేర్లు రిజిస్టరులో ఎక్కించేవారు, మధ్యాహ్నం అన్నం వండి వడ్డించేవారు, రాత్రి కాపలా కాసేవారు – వీరంతా లేనిదే బడి ఒక్క పూట కూడా నడవదు. వీరినే మనం బోధనేతర సిబ్బంది అంటాం. మనవైపు నుంచి బతుకుదెరువు కోసం వెళ్లిన ఎందరో స్థిరపడిన భివండి పట్టణాన్ని దృష్టిలో ఉంచుకొని, అక్కడి బడుల్లో ఇలాంటి పని చేసేవారికి ఏ చట్టం అండగా ఉంది, ఏ శిక్షణ కావాలి, సంఘం ఎందుకు కావాలి అన్న మూడు విషయాలు ఈ ప్రసంగంలో చూద్దాం.

భివండి మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో ఉంది. మరమగ్గాల ఊరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వంటి జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు తరాలుగా అక్కడికి వెళ్లాయి. 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల్లో పెద్ద సమ్మె మొదలైంది. ఆ తరువాత మిల్లుల పని చాలావరకు మరమగ్గాల షెడ్లకు మళ్లింది. భివండి ఇంకా పెరిగింది, దానితోపాటు వలసా పెరిగింది. పద్మనగర్ వంటి పేటల్లో ఈనాటికీ వీధిలో తెలుగు వినపడుతుంది. మరాఠీ, ఉర్దూ బడులతోపాటు తెలుగు మాధ్యమం బడులు కూడా అక్కడ వెలిశాయి.

మగ్గం మీద కూలి మీటరు లెక్క. షిఫ్టు పన్నెండు గంటలు. నూలు ధర పెరిగినా, కరెంటు పోయినా, గిరాకీ తగ్గినా ముందుగా దెబ్బ తగిలేది ఆ కూలికే. అందువల్ల ఇంట్లో ఒకరికి బడిలో పని దొరికిందంటే నెల నెలా చేతికి వచ్చే డబ్బు అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆ సంతోషంలో అడగవలసిన ప్రశ్న ఒకటి మరిచిపోతారు. ఆ పని ఎవరి కింద పని? కాగితం మీద యజమాని ఎవరు? జీతమా, గౌరవ వేతనమా? ఈ ప్రశ్నకు జవాబును బట్టే రేపటి భద్రత అంతా ఉంటుంది.

ముందుగా పేరు సంగతి చూద్దాం. మహారాష్ట్రలో వీరిని 'శిక్షకేతర్ కర్మచారి' అంటారు. శిక్షకుడు కానివాడు అని అర్థం. అంటే వీరు ఏమిటో చెప్పకుండా ఏమి కారో చెప్పే పేరు అది. పిల్లలు మాత్రం ఆడవారిని 'మావశీ' అనీ, మగవారిని 'మామా' అనీ, 'కాకా' అనీ వరస పెట్టి పిలుస్తారు. ఇంకొక పేరు మనకు మరీ దగ్గరిది. మహారాష్ట్ర ఆశ్రమ పాఠశాలల్లో 'కామాఠీ' అనే ఉద్యోగం ఒకటి ఉంది. బరువు పనులు, పై పనులు చేసే మనిషి. ఒకప్పుడు నిజాం రాజ్యం నుంచి బొంబాయికి వెళ్లి కట్టడాల్లో పనిచేసిన మన తెలుగు కూలీలను కామాఠీలు అనేవారు. కామాఠీపురా అన్న పేట పేరు కూడా వారి వల్లనే వచ్చింది. మనవారి పేరు అక్కడి సర్కారు లెక్కల్లో ఒక ఉద్యోగం పేరుగా నిలిచిపోయిందన్నమాట. ఈ పనికీ మనకూ ఉన్న చుట్టరికం అంత పాతది.

ఇక ఉద్యోగాల రకాలు చూద్దాం. భివండిలోని బడులను తీసుకుంటే ఈ సిబ్బంది నాలుగు రకాలుగా కనిపిస్తారు. ఒకటి, నగరపాలిక బడుల్లో నగరపాలిక నియమించిన పర్మనెంటు ఉద్యోగులు. వీరికి నగరపాలిక సేవా నియమాలు వర్తిస్తాయి. రెండు, ప్రభుత్వం నుంచి గ్రాంటు పొందే ప్రైవేటు బడుల సిబ్బంది. మూడు, గ్రాంటు లేని ప్రైవేటు బడుల సిబ్బంది. నాలుగు, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు, గౌరవ వేతనం మీద వంట చేసేవారు.

రెండో, మూడో రకం వారికి ఒక మంచి చట్టం ఉంది. అది 1977 నాటి మహారాష్ట్ర ప్రైవేటు పాఠశాలల ఉద్యోగుల సేవా నిబంధనల చట్టం. దాని నియమావళి 1981లో వచ్చింది. ఈ చట్టంలో 'ఉద్యోగి' అంటే పాఠం చెప్పేవారు మాత్రమే కాదు, బోధనేతరులు కూడా. గుమాస్తా, లైబ్రేరియను, ప్రయోగశాల సహాయకుడు, శిపాయి, వాచ్‌మన్ అందరూ దాని నీడలోకి వస్తారు. బడికి గ్రాంటు వస్తుందా రాదా అన్నదానితో నిమిత్తం లేదు. ఖాళీగా ఉన్న శాశ్వత పోస్టులో పద్ధతి ప్రకారం నియమించిన మనిషికి రెండేళ్ల ప్రొబేషను ఉంటుంది. ఆ తరువాత విచారణ జరపకుండా, సంజాయిషీ వినకుండా 'రేపటినుంచి రావద్దు' అనడానికి యాజమాన్యానికి అధికారం లేదు. ఒకవేళ తొలగిస్తే, ఉత్తర్వు చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా పాఠశాలల ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయవచ్చు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని ట్రిబ్యునల్ మన్నించవచ్చు. అయినా ఈ 30 రోజుల మాట గుర్తు పెట్టుకోవడం మంచిది. పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ ఆ నెల రోజులు పోగొట్టుకుంటే కేసు మొదట్లోనే బలహీనపడుతుంది.

అయితే ఈ చట్టం నియామక పత్రం ఉన్నవారికే గట్టిగా పనికివస్తుంది. నాలుగో రకం వారికి ఆ తలుపు అంత సులభంగా తెరుచుకోదు. ఏళ్ల తరబడి అదే బడి ఊడ్చినా, హాజరు పుస్తకం కాంట్రాక్టరు దగ్గర ఉంటే యాజమాన్యం 'ఈమె మా మనిషి కాదు' అంటుంది. కాంట్రాక్టరు మారితే కొత్తవాడు 'నిన్నటి సంగతి నాకు తెలియదు' అంటాడు.

ఈ నాలుగో వరస ఇప్పుడు పెరుగుతోంది. 2020 డిసెంబరు 11న మహారాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. గ్రాంటు పొందే ప్రైవేటు బడుల్లో నాలుగో తరగతి ఉద్యోగులు రిటైరు కాగానే ఆ పోస్టులను నింపకుండా, వాటి స్థానంలో బడికి 'శిపాయి భత్యం' ఇస్తామన్నది దాని సారాంశం. ప్రాంతాన్ని బట్టి నెలకు 5,000 నుంచి 10,000 రూపాయల వరకు. దీని మీద ఉపాధ్యాయ సంఘాలు, శిక్షకేతర సంఘాలు నిరసన తెలిపాయి. ఒక్కసారి ఆలోచించండి. నిన్నటిదాకా వేతన శ్రేణి, సెలవులు, ప్రావిడెంటు ఫండు ఉన్న పోస్టు అది. తండ్రి చేసిన అదే పనికి కొడుకు వెళితే చేతికి వచ్చేది భత్యంలోంచి తీసి ఇచ్చే కూలి. గంట అదే, గేటు అదే, పిల్లలూ అంతే. మారింది మనిషి హోదా.

వంట చేసే తల్లుల సంగతి ఇంకొక రకం. దేశంలో మధ్యాహ్న భోజన పథకం 1995 ఆగస్టు 15న ప్రారంభమైంది. వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఈ పథకం పేరు 2021లో పి.ఎం. పోషణ్‌గా మారింది. దేశమంతటా సుమారు 25 లక్షల మంది ఇందులో వంట చేస్తున్నారు. వారిలో అత్యధికులు స్త్రీలే. వారికి కేంద్రం 2009 డిసెంబరు నుంచి నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. అది కూడా ఏడాదికి పది నెలలకే. దానికి రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. మహారాష్ట్ర దానిని 2,500 చేసింది, ఆంధ్రప్రదేశ్ 3,000 చేసింది. ఇంకొక మార్పు కూడా వచ్చింది. మహారాష్ట్ర పట్టణాల్లో చాలాచోట్ల కేంద్రీయ వంటశాలల నుంచి అన్నం బండ్లలో వస్తోంది. అలాంటి చోట బడిలో పొయ్యి ఆరిపోయి, ఆ పొయ్యిని నమ్ముకున్న మహిళా పొదుపు సంఘాల పని కూడా పోతుంది.

'గౌరవ వేతనం' అనే మాట చూడటానికి పెద్దది. దాని లోపలి అర్థం ఏమిటంటే, ఇది జీతం కాదు కనుక కనీస వేతనం అడగవద్దు అని. 2013 మే నెలలో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ ఈ పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది. 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు ఒక బడి వంటమనిషి కేసులో, నెలకు 1,000 రూపాయలిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని చెప్పింది. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. వారికి ఇచ్చేది కూడా గౌరవ వేతనమే కదా. కనుక ఆ మాట అడ్డు పెట్టి హక్కులన్నీ కాదనడం కుదరదని ఈ తీర్పుల వల్ల తేటపడింది.

ఇంతవరకు హక్కుల గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు శిక్షణ దగ్గరికి వద్దాం. చాలామంది ఈ రెండింటినీ వేరువేరుగా చూస్తారు. శిక్షణ సర్కారు ఇచ్చేదనీ, సంఘం కొట్లాడేదనీ అనుకుంటారు. నేతపని తెలిసిన శ్రోతలకు ఈ సంగతి వివరించి చెప్పనక్కర లేదు. పడుగు ఒక్కటే ఉంటే బట్ట కాదు, పేక ఒక్కటే ఉన్నా కాదు.

దీనికి రెండు విషాద ఉదాహరణలు చెబుతాను. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు బడి మధ్యాహ్న భోజన వంటశాలలో నిప్పు రాజుకొని తాటాకు కప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు చనిపోయారు. 2014లో కోర్టు దోషులుగా తేల్చినవారిలో యజమాని, ప్రధానోపాధ్యాయురాలు, అధికారులతోపాటు వంట చేసిన స్త్రీ కూడా ఉంది. రెండోది 2013 జులై 16న, బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో జరిగింది. పురుగుమందు కలిసిన అన్నం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి ముందే చెప్పిందనీ, ప్రధానోపాధ్యాయురాలు దానినే వాడమన్నదనీ అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ ప్రధానోపాధ్యాయురాలికి 2016లో శిక్ష పడింది.

ఈ రెండు సంఘటనల నుంచి నేర్చుకోవలసింది ఒకటే. ప్రమాదం జరిగితే బాధ్యతలో వంటమనిషికి వాటా ఉంది. ప్రమాదం రాకముందు 'ఇది వండను' అనే అధికారంలో మాత్రం ఆమెకు వాటా లేదు. నూనె చెడిపోయిందని గుర్తు పట్టడానికి శిక్షణ కావాలి. గుర్తు పట్టిన తరువాత వండనని చెప్పి ఉద్యోగం నిలుపుకోవడానికి సంఘం కావాలి. మొదటిది ఉండి రెండోది లేకపోతే తెలిసి కూడా నోరు మూసుకోవలసి వస్తుంది. రెండోది ఉండి మొదటిది లేకపోతే అరవడానికి బలం ఉన్నా దేనికి అరవాలో తెలియదు.

మరి ఏ శిక్షణ కావాలి? పెద్ద పెద్ద డిగ్రీలు కాదు, చేసే పనికి దగ్గరి శిక్షణ. వంట చేసేవారికి సరుకు నిలువ, నీటి శుభ్రత, గ్యాసు సిలిండరు జాగ్రత్తలు, నిప్పు ఆర్పే పరికరం వాడకం. మధ్యాహ్న భోజన మార్గదర్శకాల ప్రకారం పిల్లలకు వడ్డించే ముందు ఉపాధ్యాయులు భోజనం రుచి చూడాలి. ఆ నియమం వంటమనిషికి తెలిస్తే, రుచి చూడండని ఆమే అడగగలదు.

మరుగుదొడ్లు శుభ్రం చేసేవారికి మందుల సంగతి తెలియాలి. బ్లీచింగు పొడి, యాసిడ్ రెండూ కలిపి పోస్తే ఇంకా తెల్లగా వస్తుందని కొందరు అనుకుంటారు. అలా కలిపితే క్లోరిన్ అనే విషవాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఈ ఒక్క మాట చెప్పడానికి నిమిషం పట్టదు. చేతి తొడుగులు, బూట్లు ఇవ్వడానికి అయ్యే ఖర్చు కూడా ఎక్కువేమీ కాదు. ప్రయోగశాలలో పనిచేసేవారికి ఆమ్లాన్ని నీటిలో కొద్దికొద్దిగా పోయాలే కాని, ఆమ్లంలో నీళ్లు పోయరాదని తెలియాలి. గేటు దగ్గర ఉండేవారికి ప్రథమ చికిత్స తెలియాలి. పిల్లవాడికి ఫిట్స్ వస్తే చేతిలో తాళం చెవులు పెట్టడం వల్ల ఏమీ కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు.

ఇక గుమాస్తాల సంగతి. భివండి వంటి ఊళ్లో తెలుగు బడి గుమాస్తా చేతిలో పిల్లల భవిష్యత్తు ఉందంటే అతిశయోక్తి కాదు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మహారాష్ట్రలో ముందు పిల్లవాడి పేరు, తరువాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. జనరల్ రిజిస్టరులో ఆ వరస తప్పినా, కులం గడిలో ఒక అక్షరం తేడా వచ్చినా, బడి వదిలేటప్పుడు ఇచ్చే దాఖలాలో అదే తప్పు వస్తుంది. తరువాత కుల ధ్రువపత్రానికి, స్కాలర్‌షిప్పుకు, ఉద్యోగానికి ఆ దాఖలాయే ఆధారం. ఇప్పుడు పిల్లల వివరాలన్నీ కంప్యూటరులో కూడా ఎక్కించాలి. అందువల్ల గుమాస్తాకు మరాఠీ రాత, తెలుగు పేర్ల పరిచయం, కంప్యూటరు మూడూ కావాలి. మహారాష్ట్రలో ఎం.ఎస్.-సి.ఐ.టి. అనే కంప్యూటరు సర్టిఫికెట్టుకు సర్కారు కొలువుల్లో విలువ ఉంది. శిపాయిగా చేరిన యువకుడు పదో తరగతి పూర్తి చేసి, టైపింగు, ఈ సర్టిఫికెట్టు సంపాదిస్తే పై పోస్టుకు పోటీ పడగలడు.

అన్నిటికంటే ముందు కావలసిన శిక్షణ మరాఠీ చదవడం. మహారాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులు మరాఠీలో వస్తాయి. తెలుగులో చదువుకున్న మన శిపాయికి తన ఉద్యోగం గురించి వచ్చిన ఉత్తర్వును తానే చదువుకోలేని స్థితి ఉంటే, దానిని ఎవరు ఏ రకంగా చెబితే ఆ రకంగానే నమ్మవలసి వస్తుంది. వారానికి రెండు సాయంత్రాలు పేటలో ఎవరి ఇంటి అరుగు మీదనైనా మరాఠీ పత్రిక చదివించే ఏర్పాటు చేసుకుంటే, అదే మొదటి శిక్షణ తరగతి, అదే సంఘానికి మొదటి సమావేశం కూడా.

పిల్లల రక్షణ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2024 ఆగస్టులో అదే ఠాణే జిల్లాలోని బదలాపూర్‌లో ఒక బడిలో చిన్నపిల్లలపై లైంగిక దాడి జరిగిందన్న కేసులో, అక్కడ శుభ్రత పని చేసే మనిషి మీద ఆరోపణ వచ్చింది. ఊరంతా భగ్గుమంది. ఆ తరువాత బడుల్లో సి.సి. కెమెరాలు, సిబ్బంది పూర్వాపరాల పరిశీలన, ఫిర్యాదు పెట్టెలు ఉండాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సంఘం ఇలాంటి పరిశీలనను వ్యతిరేకించకూడదు, ముందు నిలబడి అడగాలి. ఎవరు ఎప్పుడు వస్తారో, ఎవరు మారతారో తెలియని కాంట్రాక్టు పద్ధతిలో పిల్లలకూ రక్షణ లేదు, నిజాయితీగా పనిచేసే వేలాది మందికీ పరువు లేదు. ఏళ్ల తరబడి ఒకే బడిలో ఉండి, ప్రతి బిడ్డనూ పేరు పెట్టి పిలిచే మావశీయే పిల్లలకు గట్టి కాపలా.

ఇప్పుడు సంఘం ఎలా పెట్టాలో చూద్దాం. మన దేశంలో 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం తొంభై ఏళ్లకు పైగా నడిచింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి అమలులోకి వచ్చింది. సంఘం రిజిస్ట్రేషనుకు ఇప్పుడు కూడా ఏడుగురు సభ్యులు సంతకాలు చేసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఆ సంస్థలోగాని, ఆ రంగంలోగాని పనిచేసేవారిలో పదో వంతు మంది లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఒక్కొక్క బడిలో ఇద్దరు ముగ్గురే ఉంటారు కనుక, బడి వారీగా కాకుండా ఊరంతటికీ కలిపి ఒకే సంఘం పెట్టుకోవడం తెలివైన పని.

బడి పరిశ్రమ అవుతుందా అని కొందరు అడుగుతారు. 1978 ఫిబ్రవరి 21న బెంగళూరు నీటి సరఫరా సంస్థ కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థ కూడా పరిశ్రమ అర్థంలోకి వస్తుందని చెప్పింది. 1988లో మరో తీర్పులో ఉపాధ్యాయులు ఆ చట్టం దృష్టిలో కార్మికులు కారని చెప్పింది. అంటే పారిశ్రామిక వివాదాల చట్టం కింద మాస్టారికి లేని దారి గుమాస్తాకు, శిపాయికి ఉండేది. గ్రాట్యుటీ విషయంలోనూ అలాగే అయింది. 1997లో విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తింపజేసినప్పుడు ముందుగా దక్కింది బోధనేతరులకే. ఉపాధ్యాయులకు 2009 సవరణ దాకా ఆగవలసి వచ్చింది. కొత్త స్మృతిలో ఒక జాగ్రత్త ఉంది. పూర్తిగాగాని, చాలావరకుగాని ధార్మిక, సామాజిక సేవ చేసే సంస్థలు నడిపే వాటిని అది పరిశ్రమ నిర్వచనం నుంచి మినహాయించింది. ట్రస్టు బడులు ఈ మినహాయింపును ముందుకు తేవచ్చు. అందుకే మహారాష్ట్ర ప్రైవేటు పాఠశాలల చట్టాన్ని, కార్మిక చట్టాన్ని రెండింటినీ చేతిలో పట్టుకొని నడవాలి.

సంఘంలోకి ఎవరిని చేర్చుకోవాలన్నది మరో పెద్ద ప్రశ్న. 2023 మార్చి 14 నుంచి 20 వరకు మహారాష్ట్రలో ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, బోధనేతరులు పాత పింఛను కోసం సమ్మె చేశారు. 2005 నవంబరు 1 తరువాత చేరినవారికి ఆ పింఛను లేకుండా పోయింది కనుక కోరిక న్యాయమైనదే. కాని అదే బడిలో వంట చేసే తల్లికి పాత పింఛనూ లేదు, కొత్త పింఛనూ లేదు. పర్మనెంటువారు ఒక సంఘం, కాంట్రాక్టువారు ఇంకొకటి, వంటవారు మరొకటి అయితే ముగ్గురూ బలహీనులే. పైగా 2020 ఉత్తర్వు తరువాత పర్మనెంటువారు రిటైరవుతూ తగ్గిపోతున్నారు. వారికి ఉన్న అనుభవం, చట్టాల జ్ఞానం తరువాతివారికి అందాలంటే అందరూ ఒకే గూటి కింద ఉండాలి.

ఇతర దేశాల్లోనూ ఇది జరిగింది. అమెరికాలోని లాస్ ఏంజిలస్‌లో 2023 మార్చి 21 నుంచి మూడు రోజులు బడి బస్సు డ్రైవర్లు, వంటవారు, ఊడ్చేవారు, సహాయకులు సుమారు 30,000 మంది సమ్మె చేశారు. ఉపాధ్యాయ సంఘం వారికి తోడు నిలిచింది. కుదిరిన ఒప్పందంలో దఫాలవారీగా సుమారు 30 శాతం వేతన పెంపుతోపాటు, సిబ్బంది చదువుకు, శిక్షణకు 30 లక్షల డాలర్ల నిధి కూడా సాధించుకున్నారు. కూలితోపాటు శిక్షణనూ బేరసారాల్లో పెట్టారు కనుకనే అది వచ్చింది. సంఘం అడగవలసిన జాబితాలో మన దగ్గర శిక్షణ చాలాసార్లు చివరకు పోతుంది, కొన్నిసార్లు ఉండనే ఉండదు.

ఇక భయాల సంగతి. సంఘం పెడితే పని పోతుందన్న భయం ఊరికే వచ్చింది కాదు. చిన్న చిన్న షెడ్లలో నలుగురైదుగురితో నడిచే మగ్గాల మధ్య పెరిగినవారికి యజమాని కోపం ఎలా ఉంటుందో తెలుసు. ఆ భయం లేదని బుకాయించడం వల్ల లాభం లేదు. దానికి మందు తొందరపడకపోవడం. ముందు కాగితాలు పోగు చేయాలి. తరువాత బడికి ఒక్కరు చొప్పున కలవాలి. సంఖ్య వచ్చిన తరువాతే పేరు బయటపెట్టాలి. చందా ఎంత చిన్నదైనా రసీదు ఇవ్వాలి, సమావేశం ఎంత చిన్నదైనా మినిట్సు రాయాలి. పుస్తకం శుభ్రంగా ఉన్న సంఘాన్ని ఎవరూ తేలికగా కొట్టిపారేయలేరు.

సమ్మె చేస్తే పిల్లలకు అన్నం ఆగిపోతుందన్న బాధ కూడా నిజమైనదే. అందుకే బడి సిబ్బందికి సమ్మె చివరి మెట్టు కావాలి. కొత్త స్మృతి ప్రకారం కూడా నోటీసు ఇచ్చి 14 రోజులు గడవకుండా సమ్మె చేయరాదు. ఆ లోపల తల్లిదండ్రులను కలవాలి. భివండి పేటల్లో తల్లిదండ్రులు కూడా కూలివారే. 'మీ బిడ్డ తినే అన్నం మంచిదిగా ఉండాలని అడుగుతున్నాం' అంటే వారికి వెంటనే అర్థమవుతుంది.

చివరగా, అక్కడ చెల్లెలో, మేనల్లుడో, కోడలో బడిలో పనిచేస్తున్న మన శ్రోతలకు కొన్ని మాటలు. పండుగకు వారు ఇంటికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. నియామక పత్రం ఉన్నదా? దాని మీద ఎవరి సంతకం ఉంది? హాజరు పుస్తకం ఎవరి దగ్గర ఉంది? జీతం బ్యాంకులో పడుతుందా, చేతికి ఇస్తున్నారా? ప్రావిడెంటు ఫండు కోత ఉంటే ఖాతా సంఖ్య తెలుసా? గౌరవ వేతనం మీద ఉన్నవారైతే, 2021 ఆగస్టులో మొదలైన ఇ-శ్రమ్‌లో పేరు నమోదైందా? 2019లో వచ్చిన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పథకంలో చేరడానికి 18 నుంచి 40 ఏళ్ల వయసువారు అర్హులు. అరవై నిండాక నెలకు 3,000 రూపాయలు వచ్చే ఆ పథకం భోజన పథకం కార్మికులకు కూడా వర్తిస్తుంది. నియామక పత్రం, జీతం చీటీ, బ్యాంకు పుస్తకం నకళ్లు ఒక సంచిలో వేసి ఇక్కడ ఊళ్లో ఇంట్లో కూడా ఒక కట్ట దాచండి. అద్దె ఇళ్లు మారినప్పుడు, వానలకు ఇల్లు మునిగినప్పుడు ముందుగా పోయేవి కాగితాలే.

మన పిల్లవాడు ఏ బడిలో చదివినా, వాడికి గేటు దగ్గర చేయి పట్టుకొనే మనిషి, అన్నం పెట్టే మనిషి ఉంటారు. వారికి పని బాగా తెలిసి ఉండాలి, ఆ పని రేపు కూడా ఉంటుందన్న ధైర్యం ఉండాలి. ఈ రెండూ ఉన్న బడికి పిల్లలను పంపించి తల్లిదండ్రులు నిశ్చింతగా మగ్గం మీద కూర్చోవచ్చు.